నార్నియా మీద వినడానికి మంచివి ఏమున్నాయి? రోజూ గుంటూరు-బెజవాడ దారిలో మా పాప కోసం

బ్రాడీపేట అమ్మ
అందరికీ నమస్తే అండీ. మా అమ్మాయికి 11 ఏళ్ళు, ఇప్పుడు ఏడో క్లాసులోకి వస్తోంది. జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి తీసుకెళ్తే నార్నియా అనే మాయలోకం మీద ఇంగ్లీషులో వచ్చిన పిల్లల కథల ఏడు పుస్తకాల పెట్టె కొనిపించుకుంది. పెట్టెలో 1 అని ఉన్నదాన్ని పక్కన పెట్టి, అట్ట మీద సింహం ఉందని 2 నంబరుదే ముందు తీసింది, అది రెండుసార్లు చదివేసింది. ఇప్పుడు ఇంట్లో అస్తమానం అదే గోల, కథలో బీరువాలోంచే ఆ లోకానికి దారి కదా, మా బీరువా తలుపు తీస్తే చాలు లోపలికి తొంగిచూస్తోంది.

సంగతేంటంటే నా ఉద్యోగం విజయవాడలో. సెలవులు కాబట్టి పొద్దున్నే దాన్ని పటమటలో మా అమ్మ దగ్గర దింపి ఆఫీసుకి వెళ్తా, సాయంత్రం తీసుకొస్తా, పోనూ రానూ దగ్గర దగ్గర రెండు గంటలు కార్లోనే. కార్లో పుస్తకం పట్టుకుంటే దానికి కాజ టోల్‌గేటు దాకా కూడా ఆగకుండా వాంతి వస్తుంది. అందుకని వినేవి కావాలి. పాడ్‌కాస్టులు బోలెడు ఉన్నాయని విన్నా గానీ ఏవి పిల్లలకి పనికొస్తాయో తెలీట్లేదు. మిగతా పుస్తకాల కథ ముందే చెప్పేస్తే మాత్రం ఏడ్చేస్తుంది. ఇంకోటి, 1 నంబరుకి వెనక్కి వెళ్ళాలా, 3కి ముందుకి వెళ్ళాలా?

బెంజిసర్కిల్ బండి
నేను నాలుగేళ్ళుగా వింటున్నా అండీ, బండి మీద కాదు, బస్సులో. మూడు పేర్లు చెప్తా.

ఒకటి టాకింగ్ బీస్ట్స్, నార్నియావెబ్ అనే అభిమానుల సైటు వాళ్ళది. పుస్తకాల గురించి, సినిమాల గురించి స్నేహితులు కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది, ఒకళ్ళు ఔనంటే ఒకళ్ళు కాదంటారు, అదే దాని అందం. రెండోది ద ల్యాంప్-పోస్ట్ లిజనర్, ఇది ఒక్కో చాప్టరూ తీసుకుని నిదానంగా నడుస్తుంది. మూడోది పింట్స్ విత్ జాక్, జాక్ అంటే నార్నియా రాసిన లూయిస్ గారి ముద్దుపేరు, కానీ ఇది పెద్దవాళ్ళకి, ఆయన రాసిన మిగతా పుస్తకాల మీద ఎక్కువ. మీరు విందురుగాని, పాపకి ఇప్పుడే వద్దు.

ఒక్క జాగ్రత్త. మాట్లాడేవాళ్ళంతా ఏడు పుస్తకాలూ పదిసార్లు చదివినవాళ్ళు. మొదటి చాప్టర్ గురించి చెప్తూ చెప్తూ ఆఖరి పుస్తకంలో సంగతి అలా అనేస్తారు, వాళ్ళకి అది మామూలే. కాబట్టి ఏ పుస్తకమైతే పాప పూర్తి చేసిందో దాని ఎపిసోడ్లు మాత్రమే, అదీ మీరు ముందు రాత్రి ఒకసారి విని చూసి పెట్టండి. ఆ శ్రమ తప్పదు.

సౌండ్ పెట్టె
అక్కా, నాదో మాట. పాడ్‌కాస్ట్ అంటే కథ గురించి మాట్లాడుకోవడం. 11 ఏళ్ళ పిల్లకి ముందు కావాల్సింది కథ. కథే వినిపించండి, మాటలు తర్వాత.

దాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఆడియో పుస్తకం, ఒక్కళ్ళే మొత్తం చదువుతారు. హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణకర్తల సెట్టులో ఒక్కో పుస్తకానికి ఒక్కో నటుడు: సింహం పుస్తకం మైకేల్ యార్క్, మెజీషియన్స్ నెఫ్యూ కెనెత్ బ్రానా, డాన్ ట్రెడర్ డెరెక్ జాకొబి, ఆఖరిది పాట్రిక్ స్టీవర్ట్. బ్రానా గొంతులో రాణీ జేడిస్ మాట్లాడుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. రెండో రకం రేడియో నాటకం. ఫోకస్ ఆన్ ద ఫామిలీ రేడియో థియేటర్ అని ఏడు పుస్తకాలూ లండన్‌లో నటులతో రికార్డు చేశారు, కథ చెప్పే గొంతు పాల్ స్కోఫీల్డ్‌ది, సింహం అస్లాన్‌గా డేవిడ్ సుషే, ప్రతి దానికీ ముందు లూయిస్ గారి సవతి కొడుకు డగ్లస్ గ్రెషమ్ నాలుగు మాటలు చెప్తాడు. మంచు మీద బండి గంటలు, గుర్రాలు, తలుపు కిర్రుమనడం, అన్నీ వినపడతాయి.

మా అమ్మానాన్నలు విజయవాడ రేడియో స్టేషన్ నాటకాలు విని పెరిగినవాళ్ళు. 1948లో పెట్టిన స్టేషను అది, ఆ నాటకాల గురించి వాళ్ళు ఇప్పటికీ సినిమాల గురించి చెప్పినట్టు చెప్తారు. వీధిలో ఒక్క రేడియో ఉంటే అరుగు నిండా జనం. గొంతుతో బొమ్మ కట్టించడం మనకి కొత్తేం కాదు, పిల్లలకి అది దొరకాలి అంతే.

బ్రిటిష్ యాస తెలీకపోతే వేగం 0.8కి తగ్గించండి. వారంలో చెవి అలవాటు పడుతుంది, తర్వాత తనే పెంచమంటుంది.

తెనాలి పిల్లోడు
వరస గురించి నేను చెప్తా, ఈ విషయంలో నేను ఎవరితోనైనా పోట్లాడతా.

అచ్చయిన వరస ఇదీ: సింహం 1950, ప్రిన్స్ కాస్పియన్ 1951, డాన్ ట్రెడర్ 1952, సిల్వర్ చెయిర్ 1953, హార్స్ అండ్ హిజ్ బాయ్ 1954, మెజీషియన్స్ నెఫ్యూ 1955, లాస్ట్ బాటిల్ 1956. ఏడేళ్ళు, ఏడాదికొకటి. 1994లో హార్పర్‌కాలిన్స్ వాళ్ళు కథ జరిగిన కాలం ప్రకారం నంబర్లు మార్చేశారు, అందుకే మీ పెట్టెలో మెజీషియన్స్ నెఫ్యూ 1 అయింది. లూయిస్ కూడా 1957లో ఒక అబ్బాయికి రాసిన ఉత్తరంలో ఆ కాలం వరసే తనకీ నచ్చిందన్నారు, కానీ అదే ఉత్తరంలో ఏ వరసలో చదివినా పెద్ద తేడా లేదేమో అని కూడా అన్నారు.

నా మాట మాత్రం అచ్చయిన వరసే. ఎందుకంటే సింహం పుస్తకంలో లూసీ అనే పిల్ల బీరువాలోకి వెళ్ళి మంచులో నడిచి అడవి మధ్య దీపం స్తంభం చూస్తుంది కదా, అడవిలో దీపం స్తంభం ఏంటి, ఎవరు పెట్టారు, ఎందుకు వెలుగుతోంది అని లూసీతో పాటు మనకీ అర్థం కాదు. ఆ అర్థం కాకపోవడమే మనల్ని లోపలికి లాగేది. 1 నంబరుది ముందు చదివితే అది వింత కాకుండా పోతుంది, ముందే తెలిసిన దీపం అయిపోతుంది. మీ పాప సింహం బొమ్మ చూసి తీసింది కదా, దానికి తెలీకుండానే సరైన తలుపు తీసింది. ఇప్పుడు కాస్పియన్‌కి వెళ్ళనివ్వండి.

మంగళగిరి మాస్టారు
తెనాలి తమ్ముడి మాటతో నేను ఏకీభవిస్తా. పాపకి ఇంకో సరదా సంగతి చెప్పండమ్మా, దాంట్లో కథ ఏం బయటపడదు.

మైకేల్ వార్డ్ అనే ఆయన 2008లో ప్లానెట్ నార్నియా అని పుస్తకం రాశారు. లూయిస్ వృత్తిరీత్యా మధ్యయుగాల సాహిత్యం చెప్పే పంతులు, ఆక్స్‌ఫర్డ్‌లో, తర్వాత కేంబ్రిడ్జిలో. ఆ కాలం యూరప్ వాళ్ళకి గ్రహాలు ఏడే: చంద్రుడు, బుధుడు, శుక్రుడు, సూర్యుడు, కుజుడు, గురుడు, శని. ఏడు పుస్తకాలకీ ఏడు గ్రహాల స్వభావం అని వార్డ్ వాదన. మన పిల్లలకి ఇది చెప్పడం ఎంత తేలికో చూడండి, రాహుకేతువులు తీసేస్తే మన వారాలే కదా! సింహం పుస్తకం గురువారం, కాస్పియన్ మంగళవారం, డాన్ ట్రెడర్ ఆదివారం, సిల్వర్ చెయిర్ సోమవారం (పేరులోనే వెండి ఉంది), గుర్రం కథ బుధవారం, మెజీషియన్స్ నెఫ్యూ శుక్రవారం, లాస్ట్ బాటిల్ శనివారం. గురుడు రాజసానికీ సంతోషానికీ గ్రహం, ఆయన వస్తే చలి పోయి మంచు కరుగుతుంది, సింహం పుస్తకంలో జరిగేది అదే కదా.

అందరు పండితులూ ఒప్పుకోలేదు. లూయిస్ గారు ఎక్కడా తన నోటితో చెప్పలేదు కాబట్టి అది వాదనే. అయినా నేను మా బడిలో పిల్లలకి ఇది చెప్పిన రోజు బల్లలు విరిగేంత చర్చ జరిగింది. పాడ్‌కాస్టుల్లో కూడా దీని మీద మంచి సంభాషణలు దొరుకుతాయి, ఏడూ అయ్యాక వినమనండి.

అరండల్‌పేట పిన్ని
శిలువ గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తా తల్లీ, ముందే తెలిస్తే మంచిది. అస్లాన్ ఎవరి తరఫున రాతిబల్ల మీద ప్రాణం ఇస్తాడో, తిరిగి ఎలా లేస్తాడో చదివినప్పుడు మా ఇంట్లో పిల్లలు అది ఏసు కథలా ఉందని వెంటనే గుర్తుపట్టారు, మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కదా. లూయిస్ కుర్రతనంలో దేవుణ్ణి వదిలేసి 1931లో మళ్ళీ క్రీస్తు దగ్గరికి వచ్చిన మనిషి. కానీ ఇది పోలిక కథ కాదు, నార్నియా లాంటి లోకం ఒకటి ఉండి దేవుని కుమారుడు అక్కడికి వెళ్ళి ఉంటే ఎలా ఉంటుంది అన్న ఊహ అని ఆయనే చెప్పుకున్నారు. పాడ్‌కాస్టుల్లో చాలామంది విశ్వాసులు, ఆ మాటలు వస్తాయి. మీది ఏ ఇల్లయినా పాప అడిగితే దాచకుండా చెప్పండి. కథ మాత్రం అందరిదీ. మా పక్కింటి మామ్మగారు రోజూ విష్ణుసహస్రనామం చదివే ఆవిడ, నేను అస్లాన్ గురించి చెప్తే కళ్ళు తుడుచుకున్నారు.

బ్రాడీపేట అమ్మ
అందరికీ చాలా థాంక్స్ అండీ. పిన్నిగారూ, మీ మాట రాత్రి చదివి పాపకి అలాగే చెప్పా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే అస్లాన్‌కి ఇక్కడ వేరే పేరు ఉందన్నమాట" అంది.

పది రోజులైంది. సౌండ్ పెట్టె తమ్ముడు చెప్పినట్టు నాటకంతో మొదలుపెట్టాం. బయట 44 డిగ్రీలు, స్టీరింగు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది, మంగళగిరి దాటాక రోడ్డు మీద ఎండమావులు, కార్లో మాత్రం మంచు మీద రాణిగారి బండి గంటలు. పాప సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఏసీ వల్ల కాదు, నేను తగ్గించే పెట్టా.

ఒక రోజు టర్కిష్ డిలైట్ అంటే ఏంటి, దాని కోసం లూసీ వాళ్ళ చిన్నన్న ఎడ్మండ్ తన అన్ననీ అక్కచెల్లెళ్ళనీ రాణికి ఎలా పట్టిస్తాడు అని ఒకటే గొడవ. వెతికి చూస్తే పంచదార, పిండి, పన్నీరు (గులాబీ నీళ్ళు) వేసి చేసే మెత్తటి మిఠాయి. పుస్తకం వచ్చిన 1950లో ఇంగ్లండులో మిఠాయిలకి రేషను, అది 1953 దాకా ఎత్తలేదట. అంటే అప్పుడు చదివిన పిల్లలకి డబ్బా నిండా మిఠాయి అనేది ఎంత పెద్ద ఆశో! మా అమ్మ ఇదంతా విని లోపలికి వెళ్ళి డబ్బాలోంచి బందరు హల్వా ముక్క తీసి దాని చేతిలో పెట్టింది. గోధుమ పాలు తీసి నెయ్యి పోసి గంటలు గంటలు తిప్పి చేసేది కదా, పట్టుకుంటే వేళ్ళకి నెయ్యి, వెలుతురుకి పట్టి చూస్తే అవతల వెలుగు కనపడుతుంది. పాప దాన్ని అలా పట్టుకుని చాలాసేపు చూసి, చిన్న ముక్క కొరికి, "ఎడ్మండ్ తప్పు సగమే" అంది.

ఇప్పుడు నా అసలు బెంగ వేరే. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. సాయంత్రం నేను వెళ్ళేసరికి పాప ఆవిడకి పొద్దున విన్నదంతా తెలుగులో చెప్తూ ఉంటోంది, ఆవిడ కూర తరుగుతూ ఊఁ కొడుతోంది. తెలుగులో ఇలాంటి పాడ్‌కాస్ట్ ఏదైనా ఉందా?

పాత చందమామ
అమ్మా, మీ మాట నా గుండెల్లో తగిలింది. నేను 60 దాటినవాణ్ణి. మాకు నార్నియా లేదు, దాసరి సుబ్రహ్మణ్యం గారు ఉండేవారు. మన గుంటూరు జిల్లా మనిషి. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి చందమామలో వరసగా సీరియళ్ళు రాశారు, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... సీరియల్ మీద ఆయన పేరు ఉండేది కాదు. ఎవరు రాస్తున్నారో తెలీకుండానే ఊళ్ళకి ఊళ్ళు నెల నెలా ఎదురుచూశాయి. చిత్రా గారి బొమ్మలు చూస్తే ఏకాక్షి మాంత్రికుడు రాత్రి కల్లోకి వచ్చేవాడు. చందమామ వచ్చిన రోజు మా నాన్న భోజనాల తర్వాత లాంతరు దగ్గర కూర్చుని సీరియల్ పైకి చదివేవాడు, మేం ఏడుగురు పిల్లలం, పొరుగు పిల్లలు వేరే. "వచ్చే నెల" అని రాగానే పుస్తకం టప్పున మూసేవాడు, ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

నేను చెప్పేది ఏంటంటే, దొరుకుతుందా అని వెతక్కండి. మీ పాప ఆల్రెడీ చెప్తోంది కదా వాళ్ళ అమ్మమ్మకి. అది ఫోన్‌లో రికార్డు చెయ్యండి. అదే పాడ్‌కాస్ట్.

బెంజిసర్కిల్ బండి
ఇది జరగాలి. నేను మొదటి శ్రోతని.

గుంటూరు వకీలు
ఉత్సాహానికి అడ్డుపడట్లేదు, లెక్క చెప్తున్నా. మన 1957 కాపీరైట్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం రచయిత బతికుండగా అచ్చయిన సాహిత్యానికి, ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ళు హక్కు. అంతకుముందు 50 ఉండేది, 1992 సవరణలో 60 చేశారు. లూయిస్ పోయింది 1963 నవంబరు 22. కాబట్టి ఇండియాలో 2023 డిసెంబరు 31తో అయిపోయింది. 2024 నుంచి మన దేశంలో ఆ పుస్తకాల్ని తెలుగు చేసుకోవచ్చు, చదివి వినిపించొచ్చు.

కానీ ఇంగ్లండులో 70 ఏళ్ళు, అంటే 2033 ఆఖరు దాకా ఉంది. అమెరికాలో అచ్చయిన ఏడాది నుంచి 95, అంటే సింహం పుస్తకానికే 2045 దాకా. నెట్‌లో పెడితే ప్రపంచమంతా వినపడుతుంది కాబట్టి అక్కడ చిక్కు. ఇంట్లో, చుట్టాల వాట్సాప్‌లో పంచుకోవడానికి ఇబ్బంది లేదు. బొమ్మలు మాత్రం వాడొద్దు, గీసిన పాలిన్ బేన్స్ 2008లో పోయారు, ఆవిడ బొమ్మలకి ఇక్కడ కూడా ఇంకా హక్కు ఉంది. బొమ్మ పాపే గీసుకోవాలి.

పాత చందమామ గారూ, మీకు ఇది బాధ కలిగిస్తుందేమో. దాసరి గారు 2010లో పోయారు. పేరు లేకుండా అచ్చయినవాటికి లెక్క అచ్చయిన ఏడాది నుంచి 60, కానీ ఆలోపు రచయిత ఎవరో బయటపడితే మళ్ళీ ఆయన జీవితం ప్రకారమే. అలా చూస్తే 2070. హక్కుదారుల్ని అడగకుండా అవి చదివి నెట్‌లో పెట్టడానికి లేదు.

పాత చందమామ
బాధే బాబూ. ఇంగ్లీషు సింహం మన పిల్లల నోట తెలుగులో పలకొచ్చు, మన దాసరి గారి చతుర్నేత్రుడు మాత్రం ఆగాలి. సరే, అడగాల్సినవాళ్ళని అడుగుదాం, నేను ఉన్నన్నాళ్ళూ అడుగుతా. ఈలోపు ఆ పిల్ల గొంతు ఆగకూడదు.

సౌండ్ పెట్టె
అక్కా, రికార్డింగ్ సంగతి నాకు వదిలెయ్యండి. మైకు కొనక్కర్లేదు, ఫోను చాలు. మన ఇళ్ళలో శత్రువులు ఇద్దరు: సీలింగ్ ఫ్యాను, బోడి గోడలు. ఫ్యాను ఆపాలి, అందుకని తెల్లారి ఆరింటికి చెయ్యండి. గోడలకి తగిలి గొంతు గంగాళంలో మాట్లాడినట్టు మోగుతుంది, దానికి బట్టలు కావాలి. స్టూడియో లేనివాళ్ళందరూ చేసే పని ఏంటో తెలుసా, బట్టలు వేలాడే బీరువాలో కూర్చోవడం! ఇనప బీరువా పనికిరాదు, మోగుతుంది. చెక్క అలమర, నిండా చీరలు. ఫోను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకి పెట్టాలి, ఎదురుగా పెడితే ప, బ, ఫలు తగిలి టప్ టప్ అంటాయి.

తలుపు మాత్రం తీసే ఉంచాలి.

తెనాలి పిల్లోడు
అదే పుస్తకంలో ఉంది! లూసీ లోపలికి వెళ్తూ తలుపు తీసే ఉంచుతుంది, బీరువాలోకి దూరి తలుపేసుకోవడం తెలివితక్కువ పని అని తెలుసు కాబట్టి. లూయిస్ ఆ మాట మళ్ళీ మళ్ళీ రాశారు, చదివే పిల్లలు ఎక్కడ దూరతారో అని.

బ్రాడీపేట అమ్మ
అయిపోయింది అండీ, మొదటి ఎపిసోడ్, 14 నిమిషాలు! నిన్న పొద్దున ఆరింటికి, నా పెళ్ళి చీరల మధ్య, తలుపు తీసి, కింద బొంత పరిచి. చదవలేదు, పుస్తకం మూసి తన మాటల్లో చెప్పింది. మూడుసార్లు చెయ్యాల్సొచ్చింది, ఒకసారి పాలవాడి హారను, ఒకసారి పక్కింటి కుక్కరు.

మాటల దగ్గరే ఎక్కువ టైము పట్టింది. మంచులో లూసీకి ఎదురయ్యే టమ్నస్ ఫాన్ కదా, నడుం పైన మనిషి, కింద మేక. "ఫాన్ వచ్చింది" అంటే అమ్మమ్మ పైన తిరిగే ఫ్యాను అనుకుంటుందని పాప బాధ. కిన్నెరుడు అందామా అన్నా, "వాళ్ళది గుర్రం ముఖం అమ్మా, ఈయనది మేక కాళ్ళు" అని ఒప్పుకోలేదు. ఆఖరికి "మేకకాళ్ళ టమ్నస్ గారు" అని పెట్టింది. గొడుగు, కాగితం పొట్లాలు, మంచు, అన్నీ వచ్చాయి. లూయిస్‌కి 16 ఏళ్ళప్పుడు మొదట మనసులో కనపడిన బొమ్మ అదేనట, మంచు అడవిలో గొడుగు పట్టుకుని పొట్లాలు మోసుకెళ్ళే ఫాన్. అది పాడ్‌కాస్టులో విని పాప ఆ ముక్క కూడా చివర్లో కలిపింది.

వకీలు గారు చెప్పినట్టు వాట్సాప్‌లోనే, మా చుట్టాలకి మాత్రమే పంపాం. మా అమ్మ పటమటలో రెండుసార్లు వినిందట. సాయంత్రం నేను వెళ్ళేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది, నన్ను కాదు, పాపని అడిగింది: "ఆ పిల్లని టీకి పిలిచాడు సరే, మంచివాడేనా? ఏం మనసులో పెట్టుకుని పిలిచాడు?"

పాప చెప్పలేదు. "వచ్చే గురువారం" అంది.

పాత చందమామ
తల్లీ, ఆ పిల్లకి నా ఆశీస్సులు. పుస్తకం టప్పున మూసిన చప్పుడు మళ్ళీ విన్నట్టుంది. నన్నూ ఆ చుట్టాల్లో కలుపుకోండి.